మానసిక వైద్యంలో హక్కులకు భంగం కలిగితే: ఏ గడప తొక్కితే ఏం దొరుకుతుంది

మా బావ విషయంలో మేం చేసిన మొదటి తప్పు జిరాక్సు షాపులో జరిగింది. ఒకే అర్జీ రాసి ఏడు కాపీలు తీయించాం. ముఖ్యమంత్రి కార్యాలయానికి ఒకటి, కలెక్టరుకు ఒకటి, ఎస్పీకి ఒకటి, మానవ హక్కుల కమిషన్‌కు, మెడికల్ కౌన్సిల్‌కు, వినియోగదారుల కమిషన్‌కు తలా ఒకటి, ఏడోది ఆ సెంటర్ వాళ్లకే. ఏడు స్పీడ్ పోస్ట్ రసీదులూ పిన్ను కొట్టి దాచుకున్నాక సగం పని అయిపోయినట్టే అనిపించింది.

అప్పటికి జరిగిందేమిటంటే, తాగుడు మాన్పించడానికి బావను ఊరి బయట ఒక ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్చాం. మూడో వారంలో అక్క చూడ్డానికి వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. కిటికీ ఊచల్లోంచి కనిపించిన బావకు గుండు గీసి ఉంది. ఒంటి మీద అందరికీ ఒకటే రకం నీలం చొక్కా. ఫోన్ ఆఫీసు బీరువాలో ఉందట. "ఇక్కడి రూల్ అంతేనమ్మా" అన్నాడు మేనేజరు.

ఏడు కాగితాల్లో మూడింటికి జవాబే రాలేదు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పంపింది, ఆ ఆఫీసు మళ్లీ మొదటిదానికే పంపింది. వినియోగదారుల కమిషన్ అంటే ఉత్తరం రాసే చోటు కాదని, పద్ధతి ప్రకారం కేసు వేయాలని తర్వాత తెలిసింది. ఇంకొకరికి రాసిన అర్జీ కాపీని తమకు పంపితే దాన్ని ఫిర్యాదుగా తీసుకోనక్కర్లేదని జాతీయ మానవ హక్కుల కమిషన్ నిబంధనల్లోనే ఉందని కూడా అప్పుడే తెలిసింది. ఊరందరికీ కాపీలు పెట్టే మన అలవాటు ఇక్కడ మనకే అడ్డు.

అందుకే ఈ పోలిక. ఎవరికి రాయాలన్నది రెండో ప్రశ్న. మనకేం కావాలి, ఎన్ని రోజుల్లో కావాలి అన్నది మొదటిది. దానికి జవాబు తేలితే రెండోది చాలావరకు అదే తేలిపోతుంది.

## ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

మనిషి ఇంకా లోపలే ఉన్నాడా, బయటికొచ్చాడా? అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. లోపల ఉన్న మనిషికి రోజులు లెక్క. బయటికొచ్చిన మనిషికి కాగితాలు లెక్క.

కావలసింది ఏమిటి? బయటికి రావడమా, కొట్టడం ఆగడమా, కేస్ షీట్ చేతికి రావడమా, కట్టిన డబ్బు వెనక్కి రావడమా, డాక్టరు మీద చర్యా, సెంటర్ మూతపడటమా? ఒక్కో గడపలో కొన్నే దొరుకుతాయి. అన్నీ ఇచ్చే ఆఫీసు లేదు.

సంతకం ఎవరిది? కొన్ని చోట్ల పేషెంటో, అతని తరఫు మనిషో (వైద్యం విషయంలో అతని బదులు మాట్లాడేవాడు, వివరం కింద ఉంది) మాత్రమే అడగాలి. కొన్ని చోట్ల దారిన పోయేవాడు కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

డబ్బు కట్టారా, ఉచిత వైద్యమా? వినియోగదారుల కమిషన్ తలుపు తెరుచుకునేదీ లేనిదీ దీన్నిబట్టే.

గడువు దాటిందా? మానవ హక్కుల కమిషన్‌కు 1 సంవత్సరం, వినియోగదారుల కమిషన్‌కు 2 సంవత్సరాలు.

కక్ష కడతారన్న భయం ఉందా? దీని గురించి చట్టం ఏం చెప్పినా, రాత్రి డ్యూటీలో ఉండే వార్డు బాయ్ ఎవరన్నది లోపలి మనిషికే తెలుసు. ఆ భయాన్ని తీసిపారేయకండి. ఎంపికలో దానికీ బరువు ఇవ్వండి.

ఇంకో మాట. టెలీ మానస్ 14416 ఫిర్యాదుల నంబరు కాదు. 2022 అక్టోబరు 10న మొదలైన ఆ సేవ టెన్షన్‌లో ఉన్న మనిషితో మాట్లాడటానికి, తెలుగులో కూడా. అక్కడికి ఫోన్ చేసి ఆసుపత్రి మీద చర్య తీసుకోమంటే వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

## ఒక్క చూపులో

| గడప | ఎవరు వెళ్లొచ్చు | ఖర్చు | కాగితం మీద గడువు | ఏం దొరుకుతుంది | ఏం దొరకదు |
|---|---|---|---|---|---|
| ఆసుపత్రి పెద్ద | పేషెంటు, తరఫు మనిషి | లేదు | లేదు | చిన్న లోపాలు వెంటనే సరికావచ్చు | తన తప్పు తానే తేల్చడం |
| రివ్యూ బోర్డు (మానసిక పేషెంట్ల హక్కుల ఫిర్యాదులు వినే బోర్డు) | పేషెంటు, తరఫు మనిషి, పేషెంటు ఒప్పుకుంటే స్వచ్ఛంద సంస్థ | లేదు | 7, 21 లేదా 90 రోజుల్లో బోర్డు తేల్చాలి | విడుదల, హక్కుల రక్షణ, రికార్డులు | నష్టపరిహారానికి సరైన చోటు కాదు |
| రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ | పై రెండు మెట్లలో తృప్తి లేనివారు. ప్రమాణాల లోపం మీద ఫిర్యాదు చేసేవారు | లేదు | లేదు | తనిఖీ, రిజిస్ట్రేషన్ మీద చర్య | రేపటికల్లా విడుదల |
| పోలీసు, హైకోర్టు | ఎవరైనా | పోలీసుకు లేదు. కోర్టుకు లాయరు, అర్హత ఉంటే ఉచితం | అత్యవసరమైతే అదే రోజు | ప్రాణరక్షణ, కేసు, విడుదల | వైద్యం నాణ్యత మీద తీర్పు |
| మానవ హక్కుల కమిషన్ | ఎవరైనా | లేదు | జరిగిన 1 సంవత్సరంలోపు వెళ్లాలి | విచారణ, సిఫారసు | కట్టుబడి తీరాల్సిన ఆదేశం |
| మెడికల్ కౌన్సిల్ | పేషెంటు, కుటుంబం | తక్కువ | 6 నెలల్లో కౌన్సిల్ తేల్చాలి | డాక్టరు రిజిస్ట్రేషన్ మీద చర్య | డబ్బు |
| వినియోగదారుల కమిషన్ | డబ్బు కట్టినవారు | చెల్లించింది 5 లక్షల వరకైతే ఫీజు లేదు | 2 సంవత్సరాల్లోపు వేయాలి | డబ్బు | విడుదల |

పట్టికలోని గడువులు చట్టం పెట్టినవి. ఆఫీసులు వాటిని పాటించడం వేరే సంగతి.

## అందరికంటే ముందు అడగాల్సిన ఒక్క ప్రశ్న

ఏ గడపకు వెళ్లే ముందైనా ఆసుపత్రిని ఈ మాట అడగండి: "మా మనిషిని ఏ సెక్షన్ కింద చేర్చుకున్నారు?"

2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం పెద్దవాళ్లను చేర్చుకోవడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. తనంతట తాను సంతకం పెట్టి చేరితే 86వ సెక్షన్. అలా చేరినవాడు వెళ్లిపోతానంటే పంపాల్సిందే. అనుమానం ఉంటే పరీక్ష కోసం గరిష్ఠంగా 24 గంటలు ఆపొచ్చు, అంతే. రెండోది 89వ సెక్షన్. తరఫు మనిషి దరఖాస్తు మీద, ఇద్దరు వేర్వేరుగా పరీక్షించి, అందులో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండి, తనకో ఎదుటివారికో హాని తలపెట్టే స్థితి, లేదా తనను తాను చూసుకోలేని స్థితి ఉందని తేల్చాలి. అప్పుడు 30 రోజుల వరకు ఉంచొచ్చు. చేర్చుకున్న సంగతి రివ్యూ బోర్డుకు 7 రోజుల్లో తెలపాలి. పేషెంటు మహిళో మైనరో అయితే 3 రోజుల్లోనే. 30 రోజులు దాటాలంటే 90వ సెక్షన్, దానికి బోర్డు అనుమతి కావాలి.

మా బావ 86 కింద చేరినట్టు ఆయన చేతే సంతకం పెట్టించుకున్నారు. అంటే అడిగిన రోజే పంపాలి. మూడు వారాలు అడుగుతూనే ఉన్నాడు మనిషి. ఈ ప్రశ్న మేం అడగలేదు. ఉచిత న్యాయ సహాయం ఇచ్చే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పంపిన లాయరు అడిగాడు. మేనేజరు రిజిస్టరు తెప్పించాడు, అటూ ఇటూ తిప్పాడు, డాక్టరు గారు రేపొస్తారన్నాడు. మర్నాడు సాయంత్రం బావ ఇంట్లో ఉన్నాడు.

డీఅడిక్షన్ సెంటర్లకు ఈ చట్టం వర్తించదని కొందరు నిర్వాహకులు చెబుతారు. నమ్మకండి. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా చట్టం చెప్పిన మానసిక అనారోగ్యంలోకే వస్తాయి.

## మొదటి మెట్టు: ఆసుపత్రి పెద్ద

చట్టంలో 28వ సెక్షన్ ఒక నిచ్చెన వేసింది. సేవల్లో లోపం ఉంటే ముందు ఆ ఆసుపత్రి బాధ్యతలో ఉన్న డాక్టరుకు, అక్కడ తృప్తి లేకపోతే రివ్యూ బోర్డుకు, అక్కడా లేకపోతే రాష్ట్ర అథారిటీకి. కోర్టుకు వెళ్లే హక్కు వీటన్నిటికీ పక్కన అలాగే ఉంటుంది.

అన్నంలో పురుగులు, నీళ్లు రాని బాత్రూములు, దుప్పటి ఇవ్వకపోవడం, విజిటింగ్ టైము తగ్గించడం లాంటివాటికి ఈ మెట్టు సరిపోతుంది, ముఖ్యంగా పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో. ఎర్రగడ్డలోనైనా విశాఖ చినవాల్తేరులోనైనా సూపరింటెండెంట్ అనే ఒక మనిషి, అర్జీలు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్ అనే ఒక కిటికీ ఉంటాయి. కాగితం ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

యజమానే డాక్టరు, డాక్టరే మేనేజరు అయిన చిన్న ప్రైవేటు సెంటర్‌లో మాత్రం నోటిమాటగా అడగడం వృథా. అక్కడ ఈ మెట్టుకు ఒకే ఒక్క ఉపయోగం, "మేం ముందే అడిగాం" అనడానికి ఆధారం. వాట్సాప్‌లో పంపినా సరే, నీలం టిక్కులు పడ్డాక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

## రివ్యూ బోర్డు: తెలియక వదిలేసే గడప

ఈ వ్యవహారంలో ఎక్కువ పని చేయగలిగేదీ, తక్కువ మంది పేరు విన్నదీ మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డే. ఒక జిల్లాకో కొన్ని జిల్లాలకు కలిపో ఒకటి ఉంటుంది. జిల్లా జడ్జి స్థాయి మనిషి అధ్యక్షుడు. కలెక్టరు ప్రతినిధి ఒకరు, సైకియాట్రిస్టు ఒకరు, మరో డాక్టరు ఒకరు. మిగిలిన ఇద్దరూ మానసిక అనారోగ్యం అనుభవించినవాళ్లో, అలాంటివాళ్లను చూసుకునేవాళ్లో, ఈ రంగంలోని స్వచ్ఛంద సంస్థలవాళ్లో అయి ఉండాలి. ఎదురుగా కూర్చున్నవాళ్లలో ఒకరికైనా ఈ బాధ ఒంటికి తెలిసి ఉండే అవకాశం వేరే ఏ కమిషన్‌లోనూ లేదు.

నిచ్చెన ఎక్కే బోర్డుకు వెళ్లాలని చాలామంది అనుకుంటారు. అది లోపాలకు. హక్కుకే భంగం కలిగితే, లేదా ఆసుపత్రి తీసుకున్న నిర్ణయమే మీకు అన్యాయం అనిపిస్తే, 77వ సెక్షన్ కింద నేరుగా బోర్డుకు రాయొచ్చు. ఫీజు లేదు. లోపల ఉన్న పేషెంటు నోటిమాటగా గానీ ఫోన్లో గానీ చెప్పినా, ప్రత్యేక పరిస్థితుల్లో దాన్నే దరఖాస్తుగా తీసుకునే వీలుంది. విచారణ బహిరంగంగా జరగదు, కాబట్టి పక్కింటివాళ్లకు తెలుస్తుందన్న బెంగ అక్కర్లేదు.

ఏవి హక్కులో తెలియాలి కదా. 20వ సెక్షన్ చదివితే ఎవరో వార్డుల్లో తిరిగి చూసి రాసినట్టుంటుంది. బలవంతంగా గుండు చేయకూడదు. సొంత బట్టలు వేసుకుంటానంటే యూనిఫాం రుద్దకూడదు. పని చేయమని బలవంతపెట్టకూడదు, చేస్తే కూలి ఇవ్వాలి. ఆడవాళ్లకు నెలసరి అవసరాలు తీర్చాలి. కొట్టడం, తిట్టడం, లైంగిక వేధింపు ఏవీ ఉండకూడదు. మా బావ గుండూ నీలం చొక్కా రెండూ ఈ ఒక్క సెక్షన్‌లోనే దొరికాయి.

ఫోన్, విజిటర్ల సంగతి కొంచెం చిక్కు. 26వ సెక్షన్ ఆ హక్కు ఇస్తూనే ఆసుపత్రి నియమాలకు లోబడి అంటుంది. అందుకని "ఉదయం పదింటి నుంచి పన్నెండు దాకే" అంటే తప్పు పట్టలేం. కానీ పేషెంటు తరఫు మనిషిని, లాయరును, జడ్జిని, బోర్డు సభ్యులను, చివరికి ఎమ్మెల్యేను కూడా కలవకుండా ఆపే అధికారం ఎవరికీ లేదు. అక్క గేటు దగ్గర నిలబడ్డ రోజు ఈ ముక్క తెలిసుంటే ఏడు జిరాక్సుల ఖర్చు మిగిలేది.

తరఫు మనిషి అంటే చట్టం భాషలో నామినేటెడ్ రిప్రజెంటేటివ్. బ్యాంకు నామినీ లాంటివాడు కాదు. "నా వైద్యం విషయంలో నా తరఫున ఈయన మాట్లాడతారు" అని తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎవరినీ పెట్టుకోకపోతే సాధారణంగా బంధువుకు ఆ స్థానం వస్తుంది. బాగున్న రోజుల్లోనే ఈ కాగితం రాసి పెట్టుకోవడం తెలివైన పని.

బోర్డు ఎన్ని రోజుల్లో తేల్చాలి? 89 కింద బలవంతపు అడ్మిషన్‌ను సవాలు చేస్తే, మైనర్‌ను చేర్చుకోవడాన్ని సవాలు చేస్తే, తరఫు మనిషిని నియమించమంటే 7 రోజులు. 90 కింద కొనసాగించడాన్ని సవాలు చేస్తే 21 రోజులు. మిగతావాటికి 90 రోజులు. బోర్డు మాట వినని ఆసుపత్రికి 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు, రిజిస్ట్రేషన్ కూడా పోవచ్చు. బోర్డు ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో హైకోర్టుకు వెళ్లాలి.

లోటు కూడా చెప్పాలి. చట్టం వచ్చినా బోర్డులు చాలా రాష్ట్రాల్లో ఆలస్యంగా ఏర్పడ్డాయి. ఉన్నచోట కూడా సభ్యుల ఖాళీలు, అరుదైన సమావేశాలు మామూలే. ఆఫీసు బోర్డు కోసం వీధుల్లో వెతకడం కంటే, జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లడం సులువు. వాళ్లే దరఖాస్తు రాసి పెడతారు.

## రాష్ట్ర అథారిటీ

సెంటర్‌కు అసలు రిజిస్ట్రేషన్ లేదని అనుమానం ఉంటే నేరుగా ఇక్కడికే. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 5,000 నుంచి 50,000 రూపాయలు, రెండోసారి 2 లక్షల వరకు, ఆపైన 5 లక్షల వరకు జరిమానా. కనీస ప్రమాణాలు లేవన్న ఫిర్యాదు మీద తనిఖీకి కూడా పంపొచ్చు. మీ ఒక్కరి సమస్య తీరడానికి కాక, ఆ సెంటర్‌లో ఉన్న మిగతా నలభై మంది కోసం పనికొచ్చే గడప ఇది.

## పోలీసు, హైకోర్టు

గొలుసులు వేయడం, కొట్టడం, లైంగిక దాడి, బంధించడం. వీటికి నిచ్చెనలూ మెట్లూ అక్కర్లేదు, 112. నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమని అడగొచ్చు.

గొలుసు విషయంలో చట్టం ఏ మినహాయింపూ పెట్టలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక చనిపోయారు. ఆ తర్వాత కూడా "మంచికే కట్టాం" అనే మాట వినిపిస్తూనే ఉంది. పేషెంటును అదుపు చేయాల్సి వస్తే తక్షణ ప్రమాదం ఆపడానికి మాత్రమే, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంత సేపే. శిక్షగా గానీ, సిబ్బంది తక్కువ ఉన్నారని గానీ కట్టకూడదు. ఒంటరి గదిలో వేయడం అసలే కుదరదు. మత్తు ఇవ్వకుండా కరెంట్ పెట్టడం కూడా నిషేధం.

మనిషి ఎక్కడున్నాడో చెప్పకపోతే, చూపించకపోతే, హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే కేసు. పెద్ద మాటలా ఉంటుంది గానీ త్వరగా కదిలే కేసుల్లో అదొకటి.

## మానవ హక్కుల కమిషన్

ప్రభుత్వ ఆసుపత్రి మీదైతే ఇది బలమైన దారి. కమిషన్ నివేదిక అడిగిందంటే సూపరింటెండెంట్ ఆఫీసులో ఫైలు కదులుతుంది. ఎవరైనా రాయొచ్చు, తెలుగులో రాయొచ్చు, ఖర్చు లేదు. కానీ చివరికి వచ్చేది సిఫారసే. అదే విషయం కోర్టులోనో ఇంకో కమిషన్‌లోనో నడుస్తుంటే తీసుకోరు. పేరు లేని ఫిర్యాదులనూ పక్కన పెట్టే వీలుంది. ఒక కమిషన్‌ను ఎంచుకోండి, రాష్ట్రానిదో జాతీయ స్థాయిదో. రెండింటికీ పంపొద్దు.

## మెడికల్ కౌన్సిల్

ఇది డాక్టరు మీద, ఆసుపత్రి మీద కాదు. రహస్యాలు బయటపెట్టడం, చూడకుండానే సర్టిఫికెట్ రాసివ్వడం, ఓపీలో అసభ్య ప్రవర్తన లాంటివి తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో ఆ రాష్ట్ర కౌన్సిల్‌కు వెళ్తాయి. ఎదుటివాడు సైకియాట్రిస్టు కాక క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. ఏ రిజిస్ట్రేషనూ లేని "కౌన్సెలర్" అయితే ఈ రెండూ పనికిరావు, వినియోగదారుల కమిషనే గతి. అందుకే ఫీజు కట్టే ముందే రిజిస్ట్రేషన్ నంబరు అడగాలి.

## వినియోగదారుల కమిషన్, బీమా

డబ్బు కట్టి, వైద్యం సరిగా అందక నష్టపోతే ఇక్కడికి. మీరు కట్టింది 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లోనే, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. పూర్తిగా ఉచితంగా నడిచే ప్రభుత్వ ఆసుపత్రి మీద ఇది కుదరదని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. డాక్టరు నిర్లక్ష్యం నిరూపించాలంటే కేస్ షీట్ కావాలి, తరచుగా ఇంకో డాక్టరు అభిప్రాయం కూడా. ఓపిక ఉన్నవాళ్ల దారి ఇది.

బీమా కంపెనీ మానసిక వైద్యం ఖర్చు ఇవ్వనంటే దారి వేరు. శరీరానికి వచ్చే జబ్బుతో సమానంగా మానసిక జబ్బుకూ బీమా ఇవ్వాలని 21వ సెక్షన్ చెబుతోంది. 2021లో ఢిల్లీ హైకోర్టు కూడా బీమా కంపెనీ వాదనను ఒప్పుకోలేదు. ముందు కంపెనీకి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. ఫీజు లేదు. రెండు తెలుగు రాష్ట్రాలకూ యానాంకూ అంబుడ్స్‌మన్ హైదరాబాద్‌లో ఉన్నారు.

## మీరు ఏ పరిస్థితిలో ఉన్నారు?

మీరే లోపల ఉంటే. డాక్టరుతో "నాకు ఉచిత లాయరు కావాలి" అనండి. ఆ హక్కు ఉందని మీకు చెప్పాల్సిన బాధ్యత చట్టం ప్రకారం ఆయనదే. ఫోన్ దొరికితే ఉచిత న్యాయ సహాయం నంబరు 15100. జబ్బు పేరు రాసి ఉన్నంత మాత్రాన మతిలేనివాడని లెక్క కాదని చట్టంలో ఉంది, మీ సంతకం చెల్లుతుంది. ఇలాంటప్పుడు ఆసుపత్రి పెద్దకు ముందు రాయడం కంటే బయటి మనిషిని లోపలికి రప్పించడం మంచిది. కక్ష భయానికి విరుగుడు సాక్షి.

ఇంట్లోవాళ్లే అన్యాయంగా చేర్పిస్తే. ఆస్తి గొడవలో, విడాకుల ముందు ఇలాంటివి జరుగుతాయి. ఇక్కడ బంధువే తరఫు మనిషి స్థానంలో ఉంటాడు కాబట్టి ముందు అతన్ని తప్పించి వేరొకరిని రాయండి. లేదా బోర్డునే నియమించమనండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం.

ఇంట్లోనే కట్టేసి ఉంచితే. ఇల్లు ఆసుపత్రి కాదు కనుక 28వ సెక్షన్ నిచ్చెన పనిచేయదు. స్టేషన్‌కు చెప్పాలి. అలాంటి మనిషి గురించి మెజిస్ట్రేటుకు తెలపాల్సిన బాధ్యత పోలీసులది. చుట్టుపక్కలవాళ్లు చెప్పినా చాలు.

మీరు అలిసిపోయిన కుటుంబ సభ్యులైతే. ఫిర్యాదు చేస్తే ఆ సెంటర్ మనిషిని తీసుకుపొమ్మంటుంది, ఇంటికి తెస్తే ఎలా చూసుకోవాలి అన్న టెన్షన్ నిజమైనదే. ముందు ఇంకో చోట బెడ్ మాట్లాడుకుని ఆ తర్వాత ఫిర్యాదు చేయడం పిరికితనం కాదు. ఒక్క కొట్టడం, గొలుసు విషయంలో మాత్రం ఆగొద్దు.

బయటికొచ్చి, జరిగింది తేల్చుకోవాలంటే. ముందు రికార్డులు. 25వ సెక్షన్ కింద అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. ఏదైనా భాగం ఇవ్వకపోతే బోర్డుకు వెళ్లొచ్చని వాళ్లే మీకు చెప్పాలి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే 10 రూపాయల సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టొచ్చు.

## కాగితం ఎలా ఉండాలి

మా మొదటి అర్జీ నాలుగు పేజీలు. బావ మంచితనం, అక్క కష్టాలు, సమాజం ఎటు పోతోందో కూడా రాశాం. లాయరు తర్వాత బోర్డు కోసం రాసిపెట్టిన ముసాయిదా ఇంతే ఉంది:

"ఫలానా తేదీన నా భర్తను ఫలానా సెంటర్‌లో చేర్చాము. ఫలానా తేదీన ఆయన అనుమతి లేకుండా గుండు చేశారు. సొంత బట్టలు ఇవ్వలేదు. ఫలానా తేదీన నన్ను కలవనివ్వలేదు. ఇవి 20, 26 సెక్షన్లకు విరుద్ధం. కోరేది: ఒకటి, ఏ సెక్షన్ కింద చేర్చుకున్నారో తెలపాలి. రెండు, నన్ను కలవనివ్వాలి. మూడు, ఆయన కోరిన వెంటనే పంపాలి. నాలుగు, కేస్ షీట్ కాపీ ఇప్పించాలి."

కింద పేరు, ఫోన్ నంబరు, సెంటర్ అడ్రసు. తేదీలు గుర్తులేకపోతే ఆ రోజు బస్ టికెట్, ఫోన్‌పే చెల్లింపు, ఫోన్లో ఫోటో టైము చూస్తే దొరుకుతాయి. అక్క గేటు బయట నిలబడి తీసిన ఒక మసక ఫోటోలో తేదీతో సహా కిటికీ కనిపించింది. ముసాయిదాకు జత చేసిన ఆధారం అదొక్కటే.

ముసాయిదా బోర్డు దాకా వెళ్లకముందే బావ ఇంటికొచ్చేశాడు కాబట్టి మొదటి మూడు కోరికలు కొట్టేశాం. నాలుగోది, కేస్ షీట్, ఇంకో అర్జీగా వెళ్లింది. ఈసారి కాపీలు తీయించలేదు. ఇన్‌వర్డ్ ముద్ర కోసం ఒక్కటే జిరాక్సు.